పుట తిప్పేవాడు

వెల్గా ఎడమ పక్కన, అరడుగు వెనక,
చేతులు లేని కుర్చీలో
ముప్పై ఒక్క సంవత్సరాలు కూర్చున్నాను.
కచేరీ కాగితాల్లో నా పేరు రెండుసార్లు పడింది,
ఒకసారి తప్పుగా.

నా పని చిన్నది.
ఆమె కనుబొమ్మ కదలగానే లేవాలి,
కాగితం కుడి పైమూల రెండు వేళ్లతో పట్టాలి,
చప్పుడు లేకుండా తిప్పి
అసలు లేవనట్టే మళ్లీ కూర్చోవాలి.
నల్లకోటు. ఆ పూట ఉల్లిపాయ తినకూడదు.
ఊపిరి కూడా ఆమె తీసుకున్నాకే.

మొదట్లో నేనూ శిష్యుణ్ణే.
రీగాలో ట్రాములు కీచుమని మలుపు తిరిగేచోట
మూడో అంతస్తు. గోడ అవతల
ఎవరో ఎప్పుడూ క్యాబేజీ ఉడికిస్తుండేవారు.
నాలుగేళ్లు చూసి, ఒకరోజు పియానో మూత దించి అంది:
"నీ చెవి మంచిది. వేళ్లే దాని మాట వినవు.
శనివారం కచేరీకి నా పక్కన కూర్చో."
ఆ రాత్రి దౌగవ వంతెన మీద ఏడ్చాను.
మర్నాడు కోటు ఇస్త్రీకి ఇచ్చాను.

ఒంటరిగా వాయించిన రోజులు నేనెరగను.
గోడ మీద ఒక ఫొటో:
పంతొమ్మిదేళ్ల పిల్ల, ముఖంలో నవ్వు లేదు,
ఏదో పోటీలో రెండో బహుమతి.
మొదటిది ఎవరికొచ్చిందని అడిగితే
"మర్చిపోయాను" అనేది, వెంటనే.
అంత వెంటనే ఎవరూ మర్చిపోరు.

తర్వాత ముగ్గురయ్యారు:
గున్‌వాల్డిస్ వయొలిన్, మిర్ద్జా చెల్లో.
రైల్లో చెల్లోకి కిటికీ పక్కన సీటు,
నేను సూట్‌కేసు మీద.
వాళ్ల వాద్యాలు వాళ్లతో వచ్చేవి. ఈమెకి మాత్రం
ఊరికో పియానో.
కుల్దీగాలో దిగిన మెట్టు పైకి రాదు,
లియెపాయాలో పెడల్ తొక్కితే మూలుగుతుంది.
"ఈ పూటకి ఈ ఇంటి కోడల్ని" అని
చేతులు రుద్దుకుని సర్దుకునేది.

త్సేసిస్‌లో ఒక జనవరి రాత్రి
నెమ్మదిగా సాగే రెండో భాగంలో కరెంటు పోయింది.
చెల్లో ఆగలేదు. వెల్గా ఆగలేదు.
గున్‌వాల్డిస్ ఒక్క క్షణం తడబడి
చీకట్లో మెట్ల కోసం కాలు చాచినవాడిలా
తడిమి తడిమి కలిశాడు.
నేను లేచి పుట తిప్పాను,
ఎవరికీ కనబడని పుట.
కొవ్వొత్తులు వచ్చాయి, చప్పట్లు వచ్చాయి.
బయట మంచులో చేతితొడుగులు వేసుకుంటూ అంది:
"రెండు వరసలు ముందే తిప్పావు."

యాభై ఎనిమిదో ఏట
కుడిచేతి ఉంగరపు వేలు లోపలికి ముడుచుకోవడం మొదలైంది.
పాత స్వరాల మీద ఆమె పెన్సిలుతో రాసుకున్న అంకెలు,
ఏ స్వరానికి ఏ వేలు అని,
చెరిగిపోతూ వచ్చాయి.
ఒక శీతాకాలంలో నాలుగులు మూడులయ్యాయి,
వచ్చే శీతాకాలానికి కొన్ని స్వరాలు ఎడమచేతికి వెళ్లిపోయాయి.
సభకి ఏమీ తెలియలేదు.
గున్‌వాల్డిస్‌కీ తెలియలేదు.
నేను చదివాను, అరడుగు దూరం నుంచి,
లేచాను, తిప్పాను, కూర్చున్నాను.
ఆమె ఎప్పుడూ "ఎవరికీ చెప్పకు" అనలేదు.
చెరిపిన రబ్బరు పొడి
నా కోటు మోచేతికి అంటుకుని ఇంటికొచ్చేది.

ఇప్పుడు గురువారాలు తెక్లా వస్తుంది.
తొమ్మిదేళ్లు. కాళ్లు అందవు,
కింద ఆపిల్ పెట్టె ఒకటి.
మౌనం ఉన్నచోట ఆగదు,
గుంట మీంచి దూకినట్టు దూకేస్తుంది.
వెల్గా వంకరవేలితో పుట మీద కొడుతుంది:
"ఇక్కడేముంది?"
"ఏమీ లేదు."
"అదే, అది వాయించు."
పిల్ల మూతి ముడుస్తుంది.
మళ్లీ మొదటినుంచి.
క్యాబేజీ వాసన అలాగే ఉంది, వండేవాళ్లు మారారేమో.

తెక్లా పాఠానికి తిప్పేందుకు పుటే లేదు,
రెండు పేజీల్లో అయిపోతుంది.
అయినా ఆ కుర్చీ అక్కడే వేసి ఉంచుతుంది వెల్గా,
నేను అక్కడే కూర్చుంటాను.

మొన్న, చివరి వరస దగ్గర,
దూకకుండా, ఆగి,
పిల్ల కనుబొమ్మ కొంచెం పైకి లేచింది.

నేను సగం లేచాను.